చలిదేశపు జంతువుల పేర్లున్న బ్యాండ్లతో ప్లేలిస్టు: ఎవరిని ఉంచాలి, ఏ వరసలో పెట్టాలి?

నక్కలగుట్ట:

థీమ్ ప్లేలిస్టు ఒకటి కడుతున్నాను. షరతు ఒక్కటే: బ్యాండు పేరులో చలిప్రాంతపు జంతువు ఉండాలి. పాట మంచు గురించి కానక్కర్లేదు, బ్యాండు ఏ దేశానిదైనా సరే. వినేవాళ్లు పదిమంది దాకా ఉంటారు. ఇంటి హాల్లో వై-ఫై స్పీకరు మీద, స్పాటిఫై ప్రీమియం నుంచి వినిపించాలి. 90 నిమిషాలకు మించకూడదు.

ఇప్పటిదాకా పోగైనవి: ఆర్కిటిక్ మంకీస్, గ్రిజ్లీ బేర్, ఫ్లీట్ ఫాక్సెస్, కారిబూ, వుల్ఫ్ పరేడ్, వుల్ఫ్ ఆలిస్, స్టెపెన్‌వుల్ఫ్, పెంగ్విన్ కెఫే ఆర్కెస్ట్రా, మాస్టడాన్, స్నో పెట్రోల్, సీల్.

వీటిలో నిజంగా చలి జంతువు ఎన్నిటి పేరులో ఉంది? సెర్చ్‌లో ఒకే పేరుతో నలుగురైదుగురు కనబడుతున్నారు, సరైనవాళ్లను పట్టుకోవడం ఎలా? అన్నిటికంటే పెద్ద తలనొప్పి వరస. మెత్తటి గాత్రాల పక్కన మెటల్ పడితే ఒకరు సౌండు తగ్గించమంటారు, తర్వాతి పాటకు ఇంకొకరు పెంచమంటారు. తెలిసినవాళ్లు చెప్పండి.


దక్కన్_తోడేలు:

ముందు షరతు బిగించుకోండి, సగం పని అయిపోతుంది. చలిలో కూడా బతికే జంతువు వేరు, చలి లేకపోతే బతకలేని జంతువు వేరు. రెండోదాన్ని పట్టుకుంటేనే ఈ ప్లేలిస్టుకు తలాతోకా ఉంటుంది. పరీక్ష తేలిక: ఆ జంతువును మే నెలలో రెంటచింతలలో వదిలితే ఏమవుతుంది? నీడ చూసుకుని హాయిగా పడుకుంటే అది చలి జంతువు కాదు.

ఈ లెక్కన మొదట ఎగిరిపోయేవి తోడేళ్లే. బూడిదరంగు తోడేలు ఆర్కిటిక్‌లో ఉన్నమాట నిజమే గానీ దాని దక్షిణాది జాతి మన దక్కన్ మెట్టల్లోనే ఉంది. ఒకప్పుడు బట్టమేకపిట్టకు పేరుపడ్డ రోళ్లపాడు అభయారణ్యంలో తోడేలూ కనిపిస్తుంది. కాబట్టి వుల్ఫ్ పరేడ్, వుల్ఫ్ ఆలిస్ రెండూ అవుట్. ఉల్వర్ అనే నార్వే బృందం గురించి ఎవరైనా చెప్పబోతే, ఆ పేరుకర్థం కూడా తోడేళ్లే. అదీ అవుట్. స్టెపెన్‌వుల్ఫ్‌ది కొంచెం వేరు. ఆ పేరు హెర్మన్ హెస్సే నవల నుంచి వచ్చింది, అందులో ఉన్నది మామూలు తోడేలు కాదు, స్టెపీ తోడేలు. స్టెపీ మైదానాల శీతాకాలం సంగతి తెలిసిందే. తోడేళ్ల కోటాలో ఒక్కటే ఉంచాలంటే నా ఓటు దానికే.

నక్కలదీ అదే కథ. ఆర్కిటిక్ నక్క అని పేరులో ఉంటే వేరు. ఫ్లీట్ ఫాక్సెస్ అంటే ఏ నక్కైనా కావచ్చు, మన పొలం గట్టు మీద కనిపించే గుంటనక్క కూడా. ఎలుగుబంట్లలో ఉత్త బేర్ అని ఉంటే చెల్లదు, నల్లమలలో కావలసినన్ని ఉన్నాయి. గ్రిజ్లీ మాత్రం ఉత్తర అమెరికా గోధుమరంగు ఎలుగు, శీతాకాలమంతా గుహలో గడిపేది. గ్రిజ్లీ బేర్ నిలబడుతుంది.

పెంగ్విన్ దగ్గర అందరూ పొరబడతారు. గలాపగోస్ పెంగ్విన్ భూమధ్యరేఖ మీదే ఉంటుంది, రేఖ దాటి ఉత్తరార్ధగోళంలో కూడా కనిపించే పెంగ్విన్ అదొక్కటే. ఆఫ్రికా పెంగ్విన్లు కేప్‌టౌన్ పక్క బీచ్‌లోనే గూళ్లు పెడతాయి. అయినా అవి బతికేది చల్లటి సముద్ర ప్రవాహాల పుణ్యాన. నీళ్లు చల్లగా ఉండాల్సిందే కాబట్టి పెంగ్విన్‌ను ఉంచేయండి.

ఆర్కిటిక్ మంకీస్‌కు చెల్లదు. మనిషిని పక్కన పెడితే ప్రపంచంలో అందరికంటే ఉత్తరాన ఉండే కోతి జపాన్ మకాక్. దాని ఉత్తర సరిహద్దు హోన్షూ దీవి కొసన షిమొకితా ద్వీపకల్పం, దాదాపు 41 డిగ్రీల అక్షాంశం. ఆర్కిటిక్ వృత్తం 66.5 దగ్గర మొదలవుతుంది. మధ్యలో ఎంత దూరముందో చూడండి.

స్నో పెట్రోల్‌లో జంతువే లేదు. ఒకప్పుడు వాళ్ల పేరు పోలార్‌బేర్. జేన్స్ అడిక్షన్ బాసిస్టు ఎరిక్ ఏవరీకి అదే పేరుతో ఇంకో బ్యాండు ఉండడంతో 1997లో మార్చుకున్నారు. మారకముందు ఆ పేరుతో వచ్చింది స్టార్‌ఫైటర్ పైలట్ అనే ఈపీ, అంటే నాలుగైదు పాటల చిన్న రికార్డు. 1998 నాటి తొలి ఆల్బమ్ సాంగ్స్ ఫర్ పోలార్‌బేర్స్ అన్నది ఆ పాత పేరుకు దండం పెట్టడమే. కానీ మీ షరతు బ్యాండు పేరు మీద, ఆల్బమ్ పేరు మీద కాదు.


పాతబస్తీ_బాస్:

సీల్‌ను కూడా తీసేయండి. అది బ్యాండు కాదు, ఆయన సొంత పేరు. సీల్స్ అండ్ క్రాఫ్ట్స్ అని రేపు ఎవరో ఒకరు తెస్తారు, అదీ ఇంటిపేరే, జిమ్ సీల్స్. సొనాటా ఆర్కిటికాలో చలి ఉంది, జంతువు లేదు.


క్యాసెట్టు_కాలం:

తోడేలుగారు కోత కోశారు, నేను నింపుతాను. గట్టి షరతుకు కూడా తట్టుకునేవి మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి.

పోలార్ బేర్. స్నో పెట్రోల్ పాత అవతారం కాదు, డ్రమ్మర్ సెబ్ రోచ్‌ఫర్డ్ నడిపిన బ్రిటిష్ జాజ్ బృందం. రెండు టెనార్ సాక్సోఫోన్లు, బాసు, డ్రమ్స్, పైన లీఫ్‌కట్టర్ జాన్ ఎలక్ట్రానిక్స్. హెల్డ్ ఆన్ ద టిప్స్ ఆఫ్ ఫింగర్స్ 2005లో మెర్క్యురీ ప్రైజ్ (బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే బహుమతి) తుది జాబితాకు వెళ్లింది, ఇన్ ఈచ్ అండ్ ఎవ్రీ వన్ 2014లో. జాజ్ అలవాటు లేనివాళ్ల ముందు పెట్టాలంటే ఈ రెండింటిలో మొదటిదాన్నుంచి బేర్‌టౌన్ తీసుకోండి.

కారిబూ. కెనడాకు చెందిన డాన్ స్నెయిత్ ఒక్కడే. మొదట మానిటోబా అనే పేరుతో చేసేవాడు. ద డిక్టేటర్స్ అనే పంక్ బ్యాండు గాయకుడు హ్యాండ్సమ్ డిక్ మానిటోబా దావా వేస్తాననడంతో పేరు మార్చాడు. అప్ ఇన్ ఫ్లేమ్స్ లాంటి పాత రికార్డులు ఇప్పుడు కారిబూ పేరుమీదే దొరుకుతాయి, కాబట్టి అవీ చెల్లుతాయి. మీకు కావలసినవి మాత్రం స్విమ్ (2010) నుంచి ఒడెస్సా, అవర్ లవ్ (2014) నుంచి కాంట్ డూ వితౌట్ యు.

ద రెయిన్‌డీర్ సెక్షన్. స్నో పెట్రోల్‌ను తీసేసినందుకు బాధపడేవాళ్లకు ఇదే ఊరట. ఆ గాయకుడు గ్యారీ లైట్‌బాడీ గ్లాస్గో చుట్టుపక్కల బ్యాండ్లవాళ్లను పోగేసి చేసిన బృందం ఇది. బెల్ అండ్ సెబాస్టియన్, మొగ్వాయ్, అరబ్ స్ట్రాప్ మనుషులు ఇందులో ఉన్నారు. రెండే ఆల్బమ్‌లు, 2001లో ఒకటి, 2002లో ఒకటి. రెండోదాన్నుంచి యు ఆర్ మై జాయ్. అన్నట్టు కారిబూ, రెయిన్‌డీర్ రెండూ ఒకే జాతి జంతువు, రాంగిఫర్ టారాండస్. జంతువుకు ఒకే బ్యాండు అని షరతు పెట్టుకుంటే ఇక్కడ గొడవ వస్తుంది. పెట్టుకోకండి.

మూస్. 1990ల తొలినాళ్ల లండన్ బ్యాండు. షూగేజ్ (మసక గిటార్ల రాక్ శైలి) అనే మాటే వీళ్ల కచేరీ మీద వచ్చిన ఒక సమీక్షలో పుట్టిందంటారు. గాయకుడు సాహిత్యం రాసిన కాగితాలు నేలకు అంటించుకుని కిందకు చూస్తూ పాడాడట. 1992 నాటి ఎక్స్‌వైజెడ్ ఆల్బమ్ వెతకండి. జంతువు సంగతికొస్తే, మూస్ అంటే ఉత్తరాది అడవుల పెద్ద దుప్పి, వేసవిలో 14 డిగ్రీలు దాటేసరికే మూస్ ఊపిరి వేగం పెరుగుతుంది. రెంటచింతలదాకా అక్కర్లేదు, అరకు లోయలోనే ఫెయిలు.

ముస్క్ ఆక్స్, ఆర్కిటిక్‌లోని జడల ఎద్దులాంటి జంతువు పేరు. ఆటవా నుంచి గిటారు, చెల్లో, వయొలిన్ త్రయం. పాడేవాళ్లు లేరు. వుడ్‌ఫాల్ 2014, ఇన్‌హెరిటెన్స్ 2021. రచనలు పొడుగు, ఒకటికి మించి పెడితే మీ 90 నిమిషాలు అక్కడే కరిగిపోతాయి.

యాక్. లండన్ రాక్ త్రయం, 2016లో అలాస్ సాల్వేషన్. అందులో హార్బర్ ద ఫీలింగ్. మన లదాఖ్ జడలబర్రె ఈ జాబితాలో ఉండడం ఒక తృప్తి.

వోల్వరిన్ (ఉత్తరాది మంచు అడవుల మాంసాహారి పేరు), స్వీడన్ ప్రోగ్రెసివ్ మెటల్, కోల్డ్ లైట్ ఆఫ్ మండే (2003). హస్కీ రెస్క్యూ, హెల్సింకి, కంట్రీ ఫాల్స్ (2004) నుంచి సిటీ లైట్స్. హస్కీ అడవి జంతువు కాదు, పెంపుడు జాతి. అయినా సైబీరియాలో బండ్లు లాగడానికి పెంచిన కుక్కే కాబట్టి ఒప్పుకోవచ్చు. హైదరాబాద్‌లో దాన్ని ఏసీ గదిలో పెట్టి పెంచుతున్నవాళ్లను చూస్తే పరీక్ష ఫలితం తెలిసిపోతుంది.

మ్యామత్. వుల్ఫ్‌గాంగ్ వాన్ హేలెన్ బృందం. అంతకుముందు వాళ్ల నాన్న ఎడ్డీ బ్యాండుకు వాన్ హేలెన్ అన్న పేరు స్థిరపడకముందు మ్యామత్ అనే ఉండేది. 2021 తొలి ఆల్బమ్‌లో పాడిందీ అన్ని వాయిద్యాలూ వాయించిందీ అతనొక్కడే. ఉన్ని మ్యామత్ చలి జంతువన్నదాంట్లో వాదన లేదు, చివరి మంద రాంగెల్ దీవిలో దాదాపు 4000 ఏళ్ల క్రితం దాకా బతికింది. మాస్టడాన్‌ది, అంటే ఏనుగుల అంతరించిన బంధువుది, కొంచెం బలహీనమైన కేసు. మంచుయుగపు స్ప్రూస్ అడవుల్లో కొమ్మలు నమిలేది గానీ దాని ఎముకలు ఫ్లోరిడాలో కూడా దొరికాయి. నేనైతే ఉంచుతాను, ప్లేలిస్టుకు మధ్యలో ఒక కొండ కావాలి కదా. లెవయథాన్ (2004) మొదటి పాట బ్లడ్ అండ్ థండర్.

పెంగ్విన్లు రెండు. ద పెంగ్విన్స్ 1954 లాస్ ఏంజెలెస్ డూవాప్ (గొంతులు కలిపి పాడే పాత శైలి) బృందం, పాట ఎర్త్ ఏంజెల్. పేరు కూల్ అనే బ్రాండు సిగరెట్ల ప్రకటనలోని విల్లీ అనే పెంగ్విన్ నుంచి తీసుకున్నారు. రెండోది పెంగ్విన్ కెఫే ఆర్కెస్ట్రా, సైమన్ జెఫ్స్. అందరూ పర్పెచ్యువమ్ మొబైల్ పెడతారు. లెక్క పదిహేను మాత్రలు కాబట్టి కాలితో తాళం వేసేవాళ్లు ప్రతి ఆవృత్తంలోనూ తడబడతారు, చూడ్డానికి సరదాగా ఉంటుంది. నేనైతే మ్యూజిక్ ఫర్ ఎ ఫౌండ్ హార్మోనియం పెడతాను. 1982లో జెఫ్స్‌కు క్యోటోలో ఒక వీధి పక్క పారేసిన హార్మోనియం దొరికింది, ఆ పెట్టె మీద కట్టిన బాణీ ఇది. పద్యనాటకాల హార్మోనియం విన్న చెవులకు ఆ నాదం వెంటనే అందుతుంది. ఒక హెచ్చరిక: టెలిఫోన్ అండ్ రబ్బర్ బ్యాండ్ పెట్టకండి. నిజమైన ఫోను టోన్లనే టేపు లూపుగా చుట్టిన పాట అది, హాల్లో సగంమంది జేబులు తడుముకుంటారు.

ఇక ఒకే పేరు సమస్య. సెర్చ్ ఫలితాల్లోంచి నేరుగా పాటను లాగి పెట్టకండి, అక్కడే తప్పు జరుగుతుంది. ముందు ఆల్బమ్ పేరుతో వెతకండి, ఆల్బమ్ పేజీ తెరవండి, సంవత్సరం సరిపోయిందో లేదో చూడండి, అక్కడి నుంచి పాటను చేర్చండి. వెతికే పెట్టెలో ఇంగ్లిష్‌లో ఆర్టిస్ట్ అని రాసి, కోలన్ పెట్టి, కొటేషన్ల మధ్య బ్యాండు పేరు ఇస్తే చెత్త తగ్గుతుంది. ఇయర్ అని రాసి కోలన్ తర్వాత సంవత్సరం కలిపితే ఇంకా తగ్గుతుంది. పోలార్ బేర్, మ్యామత్, యాక్, వోల్వరిన్ నాలుగింటికీ ఇది తప్పనిసరి. మ్యామత్‌ను డబ్ల్యూవీహెచ్ (వుల్ఫ్‌గాంగ్ పేరు పొడి అక్షరాలు) అనే అక్షరాలతో ఒకసారి, లేకుండా ఒకసారి వెతకండి. పెంగ్విన్ కెఫే అని ఆర్కెస్ట్రా అనే మాట లేకుండా కనిపించేది కొడుకు ఆర్థర్ బృందం. తండ్రి 1997లో పోయాక వచ్చింది, తండ్రి బాణీలు కూడా వాయిస్తారు కాబట్టి పాట పేరు చూసి మోసపోవడం తేలిక. ఎర్త్ ఏంజెల్ కూడా సంకలనాల్లో పదుల కొద్దీ ఉంటుంది, తర్వాత మళ్లీ రికార్డు చేసిన వెర్షన్లూ కలిసిపోయి ఉంటాయి. అసలుది మోనో, గరగర వినబడుతుంది, పియానో మోతతో మొదలవుతుంది. వెనక వాద్యబృందం నిండుగా, శుభ్రంగా వినిపిస్తే అది వేరే.


నక్కలగుట్ట:

ఇద్దరికీ దండాలు. ఫ్లీట్ ఫాక్సెస్ పోవడం మాత్రం బాధగా ఉంది, వైట్ వింటర్ హిమ్నల్ రెండున్నర నిమిషాల పాట, పేరులోనే చలికాలం. సరే, షరతు షరతే. వరస సంగతి ఎవరూ ముట్టలేదు.


లెవెల్_మీటర్:

వరసకంటే ముందు సౌండు సర్దండి. మీ జాబితాలో 1954 మోనో రికార్డూ ఉంది, 2004 మెటలూ ఉంది. చెవికి వాటి మధ్య తేడా భయంకరం.

స్పాటిఫై సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ కింద ఆడియో నార్మలైజేషన్ ఉంటుంది, పాటలన్నిటి సౌండునూ ఒకే స్థాయికి తెచ్చేది. ఆన్ చేసి, వాల్యూమ్ లెవెల్‌ను నార్మల్‌లో ఉంచండి. నార్మల్ అంటే మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినబడే గట్టితనపు కొలత), లౌడ్ మైనస్ 11, క్వైట్ మైనస్ 19. లౌడ్ పెడితే మెత్తటి పాటల మీద లిమిటర్ (శిఖరాల్ని నొక్కిపెట్టేది) పనిచేస్తుంది. ముస్క్ ఆక్స్ చెల్లో, పోలార్ బేర్ డ్రమ్స్ నలిగిపోతాయి.

నార్మల్‌లో ఉన్నా పోలార్ బేర్ కొంచెం తక్కువగానే వినిపిస్తుంది, కంగారు పడకండి. గట్టిగా మాస్టర్ చేసిన మాస్టడాన్‌ను కిందకు దించడం యాప్‌కు సులువు. జాజ్‌లో డ్రమ్ దెబ్బ ఒక్కోటి ఆకాశానికి లేస్తుంది, మిగతా అంతా కింద ఉంటుంది. ఆ దెబ్బ పగలకుండా పాటను ఎంత పైకి లేపగలదో అంతే లేపి యాప్ ఆగిపోతుంది. కాబట్టి బేర్‌టౌన్ ముందు వెనక మెత్తటివే ఉండాలి, మెటల్ కాదు.

అసలు చిక్కు మీరు రాసిన వై-ఫై స్పీకరు అన్న మాటలో ఉంది. స్పాటిఫై కనెక్ట్ (వై-ఫై మీద పంపే పద్ధతి) ద్వారా స్పీకరుకు పంపితే పాటను లాగేది ఫోను కాదు, స్పీకరే. బయటి కంపెనీల స్పీకర్లలో, టీవీల్లో, వెబ్ ప్లేయర్‌లో ఈ నార్మలైజేషన్ ఉండదు. మీరు ఫోన్లో ఎన్ని మార్చినా ఫలితం శూన్యం. ఇంట్లో సౌండు పెంచు, తగ్గించు గోలకు తొంభైపాళ్లు కారణం ఇదే. ఫోను నుంచి బ్లూటూత్ ద్వారా గానీ, ల్యాప్‌టాప్ యాప్ నుంచి ఆక్స్ కేబుల్ ద్వారా గానీ పంపండి. అప్పుడు లెక్క యాప్‌లోనే జరిగి బయటకు వస్తుంది. ఫోన్ కాల్స్, నోటిఫికేషన్లు మధ్యలో దూరకుండా కేబులే మేలు.

క్రాస్‌ఫేడ్ (ఒక పాట తోక మీద తర్వాతి పాట మొదలు కలపడం) 12 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు గానీ ఆ సెట్టింగు అన్ని పాటలకూ ఒకటే. మీకు సున్నా మంచిది, మరీ కావాలంటే 2. ఎందుకంటే మీ పాటల్లో చాలావాటికి మొదటి అయిదు సెకన్లే ప్రాణం. ఆర్కిటిక్ మంకీస్ డూ ఐ వానా నో మొదట కాలు తాడించే దరువు ఒక్కటే, తర్వాత గిటారు దిగుతుంది. ఆ దరువు మీద పక్క పాట తోక పడితే పోయినట్టే. అలాగే కాంట్ డూ వితౌట్ యు దూరం నుంచి వస్తున్నట్టు మొదలై నెమ్మదిగా పెరుగుతుంది, క్రాస్‌ఫేడ్ ఆ రాకను తినేస్తుంది.

ఇంకా మూడు స్విచ్‌లు. షఫుల్ ఆఫ్. స్మార్ట్ షఫుల్ తప్పకుండా ఆఫ్, అది మధ్యమధ్యలో దానికి తోచిన పాటలు దూర్చి మీ షరతును ఎగరగొడుతుంది. ఆటోప్లే ఆఫ్, లేకపోతే చివరి పాట అయ్యాక ఇలాంటివే ఇంకొన్ని అని సాగదీస్తుంది. ఇవి చేశాక ప్లేలిస్టును ముందురోజే డౌన్‌లోడ్ చేసి, బూడిదరంగులోకి మారిన పాటలేమైనా ఉన్నాయేమో చూడండి. ఆ వెర్షన్ హక్కులు మన దేశానికి లేవన్నమాట. చాలాసార్లు అదే పాట ఇంకో ఆల్బమ్‌లో, డీలక్స్ ఎడిషన్‌లో ఆడుతుంది.

వరస గురించి ఒక్కమాట చాలు: జంతువును బట్టి కాదు, శబ్దాన్ని బట్టి. ఎలుగుబంట్లన్నీ ఒకచోట, పెంగ్విన్లన్నీ ఒకచోట పెట్టాలని మనసు లాగుతుంది. గ్రిజ్లీ బేర్ పక్కన పోలార్ బేర్ అని కాగితం మీద ముద్దుగా ఉంటుంది, వినడానికి అతకదు. బీపీఎం, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో చూసుకుని పేర్చబోతే ఇంకో ఉచ్చు ఉంది. డూ ఐ వానా నో 85, దాన్ని కొన్ని యాప్‌లు రెట్టింపు చేసి 170 అని చూపిస్తాయి. మీరు దాన్ని వేగం పాటనుకుని స్టెపెన్‌వుల్ఫ్ బోర్న్ టు బి వైల్డ్ దాటి ఆ చివరన పెట్టేస్తారు. అంకె నమ్మకుండా కాలితో కొట్టి చూడండి.

మొత్తం ఆకారం ఇలా ఉంటే బాగుంటుంది: మొదటి పావుగంట గాత్రాలు, మెత్తటి గిటార్లు. తర్వాత పాడేవాళ్లు లేనివి, వింతవి. మూడో భాగం రాక్‌గా పెరిగి ఒక శిఖరం. ఆఖరు పదిహేను నిమిషాలు దిగడం. మెటల్ రెండు పాటలకు మించకూడదు, రెండూ పక్కపక్కనే ఉండాలి. అటొకటి ఇటొకటి వేస్తే రెండుసార్లు ఉలిక్కిపడతారు. ఒక్కసారే అయితే ఒప్పుకుంటారు.


పాతబస్తీ_బాస్:

ఆర్కిటిక్ మంకీస్‌ను ఆయన వరసలోకి లాగేశారు, తోడేలుగారు చూశారా?


దక్కన్_తోడేలు:

చూశాను. కోతి చెల్లదు. అయితే పదిమందిలో ఏడుగురు ఈ థీమ్ వినగానే ముందు ఆ పేరే అంటారు, లేకపోతే మర్చిపోయారనుకుంటారు. నియమం తప్పిన అతిథిగా ఒక్క పాట పెట్టి, వివరణ పెట్టెలో ‘జంతుశాస్త్రం ఒప్పుకోదు’ అని రాసేయండి. అలాగని వుల్ఫ్ ఆలిస్ అభిమానులు వెనక తలుపు నుంచి రాకూడదు. ఒక్క అతిథే.


క్యాసెట్టు_కాలం:

దీనికి నేను ఒప్పుకోను. మినహాయింపు ఒకటి మొదలైతే ఆగదు, ఫ్లీట్ ఫాక్సెస్ అప్పుడే గుమ్మంలో నిలబడి ఉంది. కానీ ప్లేలిస్టు మీది.


నక్కలగుట్ట:

ఒక్క అతిథికే పరిమితం. ఇదిగో వరస, చూసి చెప్పండి.

హస్కీ రెస్క్యూ, సిటీ లైట్స్. గ్రిజ్లీ బేర్, టూ వీక్స్. రెయిన్‌డీర్ సెక్షన్, యు ఆర్ మై జాయ్. మూస్ నుంచి ఒకటి. ద పెంగ్విన్స్, ఎర్త్ ఏంజెల్. పెంగ్విన్ కెఫే ఆర్కెస్ట్రా, ఫౌండ్ హార్మోనియం. పోలార్ బేర్, బేర్‌టౌన్. కారిబూ, ఒడెస్సా, ఆ వెంటనే కాంట్ డూ వితౌట్ యు. అతిథి కోతులు, డూ ఐ వానా నో. యాక్, హార్బర్ ద ఫీలింగ్. స్టెపెన్‌వుల్ఫ్, బోర్న్ టు బి వైల్డ్. మ్యామత్, డిస్టెన్స్. మాస్టడాన్, బ్లడ్ అండ్ థండర్. వోల్వరిన్ నుంచి ఒకటి. ముస్క్ ఆక్స్ నుంచి ఒకటి.

పదహారు పాటలు. ఇంకా టైము మిగులుతుంది.


లెవెల్_మీటర్:

చాలావరకు కుదిరింది. మూడుచోట్ల మార్చండి.

మ్యామత్ డిస్టెన్స్ నాన్న పోయిన తర్వాత 2020 నవంబరులో విడుదల చేసిన పాట, భారంగా, నిదానంగా సాగుతుంది. బోర్న్ టు బి వైల్డ్ ఊపుకీ మాస్టడాన్‌కీ మధ్య దాన్ని పెడితే ఎక్కుతున్న మెట్లలో ఒకటి విరిగినట్టే. అక్కడికి అదే ఆల్బమ్ నుంచి డోంట్ బ్యాక్ డౌన్ తెచ్చి, డిస్టెన్స్‌ను వోల్వరిన్ తర్వాత పెట్టండి. అప్పుడది శిఖరం నుంచి దిగే మొదటి అడుగు అవుతుంది. ముస్క్ ఆక్స్ దానికి సరిగ్గా అందుకుంటుంది.

కారిబూ రెండు పాటలు ఒకదాని వెంట ఒకటి వద్దు. రెండింటి మధ్య మూస్‌ను తెచ్చి పెట్టండి. ముందు భాగంలో మూస్ ఉన్నచోట మసక గిటార్లు వరసగా మూడు పాటలు అవుతున్నాయి, అక్కడినుంచి ఒకటి లేచిపోవడమే మంచిది.

ఎర్త్ ఏంజెల్ ఉన్న చోటు బాగుంది. పాత రికార్డు సన్నగా వినబడినా ముందున్నది మెత్తటిది, వెనకున్నది హార్మోనియం, కాబట్టి తేడా కొట్టదు. దాన్ని మాత్రం ఎవరెంత అడిగినా మాస్టడాన్ తర్వాతకు జరపకండి.

మిగిలిన టైముకు కొత్త బ్యాండ్లు వెతక్కండి, ఉన్నవాళ్ల నుంచే రెండో పాట తీసుకోండి. గ్రిజ్లీ బేర్ నైఫ్‌ను మొదటి భాగం చివర, పర్పెచ్యువమ్ మొబైల్‌ను బేర్‌టౌన్ తర్వాత పెట్టొచ్చు. ముస్క్ ఆక్స్ రచన ఎంత పొడుగుదో ముందు చూసుకుని, మొత్తంలోంచి తీసేసి, మిగిలినదాన్ని నాలుగు నిమిషాల చొప్పున లెక్కేసుకోండి. 90కి అయిదు నిమిషాలు తక్కువలోనే ఆపండి, మధ్యలో ఎవరో ఒకరు ఈ బ్యాండు పేరేమిటని పాజ్ కొడతారు.


నక్కలగుట్ట:

మార్చాను. ఒక్క సందేహం. ల్యాప్‌టాప్ నుంచి ఆక్స్ అన్నారు, నా స్పీకరుకు ఆక్స్ రంధ్రం లేదు, వై-ఫై, బ్లూటూత్ మాత్రమే ఉన్నాయి.


లెవెల్_మీటర్:

బ్లూటూత్ చాలు. ఒకటే జాగ్రత్త: స్పాటిఫైలో డివైస్ గుర్తు నొక్కితే అదే స్పీకరు రెండుసార్లు కనిపించవచ్చు, ఒకటి వై-ఫై ద్వారా, ఒకటి బ్లూటూత్ ద్వారా. బ్లూటూత్ గుర్తున్నదాన్నే ఎంచుకోండి. సరిగ్గా వెళుతోందో లేదో తేల్చుకోవాలంటే బ్లడ్ అండ్ థండర్ పెట్టి, నార్మలైజేషన్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ఆఫ్‌లో గట్టిగా, ఆన్‌లో తగ్గి వినిపిస్తే దారి సరైనదే. ఏ తేడా లేకపోతే స్పీకరు ఇంకా వై-ఫై మీదే ఉందని అర్థం. స్పీకరు సొంత యాప్‌లో బాస్ బూస్ట్, నైట్ మోడ్ లాంటివి ఉంటే అవీ తీసేయండి, అవి మన లెక్క మీద ఇంకో లెక్క వేస్తాయి.